ఆయన సెలవులో లేడు

మట్టెవాడ మూగబోయింది. దుకాణాల తలుపులు వాటంతటవే వాలిపోయాయి. హిమగిరి శిఖరాల మీద నిలిచి భరతమాత కిరీటాన్ని కాపాడిన వీరసేనాని, నా ప్రాణమిత్రుడు, నాయక్ సాంబయ్య పరమపదించాడన్న దుర్వార్త చెవిన పడగానే నేను నిలువునా కుప్పకూలాను. వేలాది జనం అశ్రుతర్పణం చేస్తుండగా ఆ ధీరోదాత్తుని అంతిమయాత్ర...

ఆగండి. ఈ అలవాటు నేను పోయేదాకా పోయేట్టు లేదు.

నిజం రాస్తాను. వార్త వచ్చినప్పుడు నేను అన్నం తింటున్నాను. తొర్రూరులో ఉండే సాంబయ్య పెద్దబిడ్డ స్వరూప పుట్టింటి నుంచి ఫోన్ చేసి, "మామా, బాపు పోయిండు" అన్నది. ఫోన్ పక్కన పెట్టి, కంచంలో మిగిలిన అన్నమంతా తిన్నాను. చేయి కడుక్కుని చెప్పులేసుకున్నాను. ఒక్క దుకాణమూ మూయలేదు. శ్మశానం దాకా నడిచినవాళ్లం డప్పులవాళ్లతో కలిపి ఇరవై ముగ్గురం. సాంబయ్య సేనాని కాడు. సైన్యంలో లారీ నడిపేవాడు. నాయక్ అన్నది ఆయన హోదా, సిపాయికి రెండు మెట్లు పైన.

గతించినవారి గురించి ఈ పత్రికలో రాసే పని ఏళ్లుగా నాకే అప్పగిస్తున్నారు. చేయి తిరిగినవాణ్ని కదా. హనుమకొండలో కచేరి ముందు టైపు మిషను పెట్టుకుని, అర్జీలు రాసి బతికాను. బతికున్నవాళ్ల కష్టాలనూ, పోయినవాళ్ల సుగుణాలనూ ఒకే గరిటెతో వడ్డించాను. ఈసారి ఆ గరిటె పట్టుకుంటే నాకే రోత పుడుతున్నది.

సాంబయ్య మితభాషి. జెండా పండుగకు ఒక బడివాళ్లు ఆయనను పిలిచి వేదిక మీద కూర్చోబెట్టారు. "మంచు ఎట్లుంటది తాతా?" అని ఒక పిల్ల అడిగింది. "తెల్లగుంటది బిడ్డా. సల్లగుంటది. బండి నిలవది" అని చెప్పి కూర్చున్నాడు. పెద్దసారుకు తృప్తి కలగలేదు. శత్రువుల గురించి చెప్పమని బతిమిలాడాడు. సాంబయ్య మళ్లీ లేచాడు. "నేను సూడలే సార్. నాకు ముంగట బండి ఎనుక లైటే కనవడేది."

నౌకరీ అయ్యాక కేసముద్రం మార్కెట్ నుంచి పత్తి లారీ నడిపాడు. బయలుదేరే ముందు ప్రతి చక్రం బోల్టునూ ఉత్త చేత్తో తడిమేవాడు. "బోల్టు అబద్ధం చెప్పది బావా, కాయితం చెప్తది" అనేవాడు. కాగితం మీద ఆయనకు ఆ అపనమ్మకం ఎందుకో చెప్పాలి.

మంచుకొండల్లో పనిచేసిన సైనికులకు ఇచ్చే పతకం ఒకటుంది. ఆయన వెంట బండ్లు నడిపినవాళ్లందరికీ అది వచ్చింది. ఈయనకు రాలేదు. చాలా ఏళ్లకు, ఎందుకు రాలేదని అడిగితే, సైన్యపు రికార్డుల ఆఫీసు జవాబిచ్చింది: ఆ నాలుగు నెలలు సదరు వ్యక్తి సెలవుపై స్వగృహమున ఉన్నాడు.

జరిగింది ఇది. భార్య లచ్చమ్మకు తొలి కానుపు. సెలవు మంజూరైంది, పుస్తకంలో ఎక్కింది. సాంబయ్య పుట్టబోయే బిడ్డకు ఉన్ని టోపీ కొనుక్కుని కొండ దిగి శిబిరానికి వచ్చాడు. ఆయన బదులు పైకి పోవలసిన డ్రైవరు ఊపిరాడక పడిపోయాడు. పైనున్నవాళ్లకు కిరసనాయిలు, బియ్యం అందాలి. ఎవరు పోతారని అధికారి అడిగితే ఈయన సంచిని తిరిగి బండిలో పడేశాడు. వెనకాలే మంచు దారి మూసింది. నాలుగు నెలలు. కుడి కాలి రెండు వేళ్లు నల్లబడితే అక్కడే గుడారంలో తీసేశారు. దానికీ కాగితం లేదు. దారి తెరిచి, మళ్లీ సెలవు దొరికి ఇంటికి వచ్చేసరికి స్వరూపకు రెండు పళ్లు వచ్చాయి. టోపీ ఆమె తలకు పట్టలేదు. పుస్తకంలో సెలవును కొట్టివేయాలన్న జ్ఞానం మాత్రం ఏ గుమాస్తాకూ కలగలేదు.

"పతకం ముచ్చట పోనీ బావా" అన్నాడు నా దగ్గరికి వచ్చి. "నేను ఇంట్ల ఉన్ననట. లచ్చమ్మ నొప్పులు పడ్తాంటె నేను మంచం మీద కూసోని చాయ్ తాగినట్టు రాసిండ్రు. గది కొట్టేపియ్యి, చాలు."

అంతే ఆయన కోరింది. ఒక్క గీత.

నేను ఏం చేశాను? నా పాండిత్యమంతా గుమ్మరించి ఇంగ్లిషులో నాలుగు పేజీల అర్జీ కొట్టాను. శత్రువు తూటా ఎడమ కాలిని చీల్చుకుపోయినా ఈ మహావీరుడు స్టీరింగు వదలలేదని రాశాను. ఉత్త సెలవు సంగతికి ఎవరు కదులుతారు, కాస్త నెత్తురు పడాలి అనుకున్నాను. ఆయనకు చదివి వినిపించేటప్పుడు ఆ వాక్యం దాటేశాను. ఏడాదికి జవాబు వచ్చింది. తూటా గాయానికి ఆధారం లేదు, అర్జీదారు మాటలు నమ్మదగినవి కావు, ఇకపై ఉత్తరప్రత్యుత్తరాలు జరపబడవు.

సాంబయ్యకు ఇంగ్లిషు రాదు. "ఏమన్నరు బావా?" అని అడిగాడు.

"పరిశీలిస్తున్నరట. ఓపిక పట్టుమన్నరు."

ఏడేళ్లు ఓపిక పట్టాడు. మా ఇంటి ముందు నుంచి పోతూ "ఏమన్న వచ్చిందా బావా?" అనేవాడు. "రాలే" అనేవాణ్ని. కూర్చోబెట్టి చాయ్ కూడా ఇచ్చేవాణ్ని. రికార్డులో తప్పు రాసిన గుమాస్తా ముఖం నేనెరుగను. ఈ రెండో గుమాస్తా ముఖాన్ని ఏడేళ్లు అద్దంలో చూసుకుంటూ గడ్డం గీసుకున్నాను.

ఒకనాడు స్వరూప పుట్టింటికి వచ్చి, పెట్టె సర్దుతూ ఆ ఉత్తరం చదివింది. సాయంత్రం సాంబయ్య దాన్ని పట్టుకుని వచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

"బావా, నాకు తూటా తాకిందా?"

"తాకిందని రాసిన."

"ఏ కాలుకు తాకింది?"

"ఎడమ కాలుకని రాసిన."

ఆయన కుడి కాలు ఎత్తి స్టూలు మీద పెట్టాడు. "కుంటేది గిదిరా బావా. అబద్ధం రాసేటోనివి జర సక్కగ సూసి రాయొద్దా?"

నవ్వాడు. చెంప మీద కొట్టినా నాకు అంత తగిలేది కాదు. "మల్ల రాయి. గీసారి నేను చెప్పినంతనే రాయి" అన్నాడు. పక్కన కూర్చుని ప్రతి వాక్యం తెలుగులో చెప్పించుకున్నాడు. ఎక్కడైనా ఒక విశేషణం జారితే ఆ కుడి కాలితో నేల తట్టేవాడు. "గది తియ్యి." పదకొండు వాక్యాలు మిగిలాయి. నా జీవితంలో నేను రాసిన మంచి అర్జీ అదొక్కటే.

అది ఇక్కడి ఒక ఆఫీసు మీదుగా పోవాలి. దాని పేరు రాయను, రాస్తే దానికో గౌరవం. అక్కడ పద్నాలుగు నెలలు కదలలేదు. వెతికితే గిరిజన సంక్షేమం చూసే బల్ల కింద తేలింది. సాంబయ్య పేరు ముందున్న నాయక్ అన్న మాట చూసి, ఈయన లంబాడా తండావాడని పంపేశారట! ఆ బల్ల దగ్గరి గుమాస్తా తల ఎత్తకుండా అడిగాడు.

"మీది ఏ తండా?"

"మట్టెవాడ సార్."

"గక్కడ తండా ఎక్కడిది?"

"లేదు సార్. నాయక్ నౌకరీల ఇచ్చిండ్రు."

"నౌకరీల కులం ఇస్తరా? సర్టిఫికెట్ తేపో."

బెంచీ మీద తన పని కోసం ఎదురుచూస్తున్న ఒక తండా పెద్దమనిషి, ఆయన నిజంగానే నాయక్, లేచి నిలబడ్డాడు. "సార్, అట్లనైతే నా ఫైలు మిలట్రీకి పోయిందేమో జర సూడుండ్రి. రెండేండ్లాయె తిరుగవట్టి." అందరం నవ్వాం. గుమాస్తా ఒక్కడే నవ్వలేదు. ఆ నవ్వు నాకు ఇప్పుడు వెగటుగా ఉంది. ఆ పెద్దమనిషి పని అయిందో లేదో మేం అడగనైనా అడగలేదు.

తిప్పలు పడి పైకి పంపితే, రికార్డుల ఆఫీసు కొత్త ప్రశ్న వేసింది. ఆ నాలుగు నెలలు మీరు ఇంట్లో లేరనడానికి రుజువేమిటి? ఉన్నందుకు రుజువు దొరుకుతుంది. లేనందుకు ఎక్కడ తెస్తాం?

ఆ రుజువు నలభై ఏళ్లుగా ఆ ఇంట్లోనే కేకలు వేస్తున్నది. కూరలో ఉప్పు లేదంటే లచ్చమ్మ అనేది: "పురుడుకు రానోనికి ఉప్పెందుకు?" నేను ఆమెతో, "చెల్లె, గదే మాట కాయితం మీద చెప్పాలె" అన్నాను. నోటరీ దగ్గరికి తీసుకుపోయాం. ఏం రాయాలమ్మా అని అడిగాడు ఆయన.

"ఆయన రాలేదు, రాయి. మంత్రసాని వచ్చింది. మా అవ్వ వచ్చింది. ఆయన రాలేదు. జాబు సుత రాలే. సచ్చిండో బతికిండో ఎరుకలే. రాయి."

"సచ్చిండో బతికిండో అనేది అవసరం లేదమ్మా."

"నీకు అవసరం లేదు. నాకుండె."

నోటరీ రాశాడు. ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేసింది. సాంబయ్య వాకిట్లో నిలబడి తన చెప్పుల కేసి చూస్తున్నాడు.

పోయిన వానకాలంలో జవాబు వచ్చింది. ఈసారి ఉత్తరం నా చేతికివ్వలేదు. స్వరూపను పిలిపించి చదివించాడు. నేను పక్కన కూర్చుని విన్నాను. సదరు నాయక్ సాంబయ్య ఆ కాలమున సెలవులో లేడు, విధులలో ఉన్నాడు, నమోదు సవరించబడినది, పతకము నిల్వను బట్టి పంపబడును. మొదటి ముక్కను మూడుసార్లు చదివించుకున్నాడు. తరువాత బియ్యంలో రాళ్లు ఏరుతున్న భార్య వైపు తిరిగాడు.

"ఇన్నవా?"

"ఇన్న. నువ్వు రాలేదని ఇన్నేండ్లకు సర్కారు సుత ఒప్పుకున్నది."

లేచి చాయ్ పెట్టింది. అతిథిని నేనుండగా, ముందు ఆయనకిచ్చింది. ఆ తరువాత పురుడు మాట ఆమె నోట ఎన్నడూ రాలేదని రాస్తే బాగుంటుంది. మరుసటి వారమే విన్నాను. అయితే ఆ మాట అంటూ నవ్వింది.

పతకం ఇంకా రాలేదు. ఆయన పోయాడు.

ఆ రోజు ఒక నాయకుడు వచ్చాడు. శవం మీద శాలువా కప్పి ఫోటో దిగాడు. ఫోటో సరిగా రాలేదని శాలువా తీసి మళ్లీ కప్పాడు. ఛీ! తెల్లవారేసరికి చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. అందులో నాయకుడు తలుపంత, సాంబయ్య తాళంచెవంత. కింద పెద్దక్షరాలు: శత్రువు తూటాకు ఎడమ కాలొడ్డిన వీరజవానుకు జోహార్లు.

ఆ వాక్యం నాది. ఇక కల్పించనని ఆయనకు మాటిచ్చాక కూడా, చాయ్ హోటల్లో నలుగురు చేరితే నాలుక ఆగేది కాదు. అక్కడ విన్నవాడెవడో ఎత్తి అచ్చు వేయించాడు.

మూడోనాడు లచ్చమ్మ పిలిపించింది. "అన్నా, చౌరస్తల గా తూటా ఎవలు పెట్టిండ్రే?"

నేను కండువా తీసి మడతపెట్టాను.

"ఎవలు పెట్టిండ్రో నాకెరుకే. ఇంట్ల ఉన్నడని ఒకడు రాసె. గుండు తాకిందని ఇంకొకడు రాసె. ఉన్నది ఉన్నట్టు రాసెటోడు లేడా మీ అందర్ల? రాసినోనివి నువ్వే. రాసే తియ్యి."

నేను ఆగ్రహోదగ్రుడనై ఆ ఫ్లెక్సీని ముక్కలు ముక్కలుగా చించి పారేశాను. లేదు. కత్తిపీట పట్టుకుపోయి ఒక మూల తాడు కోశాను. మోకాలు అంతకంటే పైకి ఎక్కనివ్వలేదు. అది పక్కకు వాలి ఇంకా వేలాడుతూనే ఉంది. అందుకని ఇది రాస్తున్నాను. చౌరస్తాలో చదివినవాళ్లు దిద్దుకోండి. కుడి కాలు. రెండు వేళ్లు. మంచు. తూటా లేదు. నాలుగు నెలలు బియ్యం, కిరసనాయిలు మోశాడు. దానికి ఏ విశేషణమూ అక్కరలేదు.

ఇది కూడా ఎక్కువే రాశాను. ఆయన ఉంటే సగంలోనే నేల తట్టేవాడు. గది తియ్యి బావా అనేవాడు. ఇక ఆ చప్పుడు ఎవరు చేస్తారు? ఎవరు తీయిస్తారు నా చేత?

ఇటువంటి వ్యాసాల చివర 'మిత్రమా, సెలవు' అని రాయడం వాడుక. ఎందరికో రాశాను. సాంబయ్య పేరు పక్కన ఆ మాట పెట్టడానికి నాకు చేయి రావడం లేదు. ఒకసారి పెట్టినదాన్ని కొట్టేయించుకోవడానికే ఆయన బతుకు బొటాబొటిగా సరిపోయింది.