ఎవరి తలకూ చుట్టని పరివట్టం

అరచేతిలో తీర్థం పడగానే పచ్చకర్పూరం ఘాటు ముక్కుకు తగిలింది. వరదాచారి సారు గుర్తొచ్చారు. ఆయన వెనకే మురళి కూడా. సారును తలుచుకుంటే చాలు, వాడు పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చేస్తాడు.

చిత్తూరు కాలేజీలో మా ఇద్దరికీ చరిత్ర చెప్పింది సారే. ఏ రాజుల పాఠం ఎత్తుకున్నా చివరికి, ఎప్పుడో అంతరించిపోయిన ఒక స్కాట్లండు ప్రభువుల బిరుదు దగ్గరికే వచ్చి ఆగేవారు.

"ఆఖరి ప్రభువుకు బిడ్డల్లేరప్పా. దాయాదులిద్దురు నాదంటే నాదని కోర్టుకెక్కినారు. తీర్పు రాకముందే ఇద్దురూ పోయినారు, వాళ్ల ఎనక ఎవురూ లేరు. బిరుదూ పోయింది. ఇప్పుడు ఆ కోటలో గొర్రెలు మేస్తా ఉండాయి" అని నవ్వేవారు.

నేను ఆ కథను పొల్లుపోకుండా కంఠస్థం చేశాను. మురళి మాత్రం, "ఒకడు తగ్గుంటే బతికేది కదా సార్" అన్నాడు. సారు వాడి భుజం తట్టారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. సారు మురళి వాళ్లింట్లో కాఫీ తాగారని తెలిసిన రోజు నాకు అన్నం సయించేది కాదు.

సారుకూ పిల్లల్లేరు. పలమనేరు దగ్గర వాళ్ల ఊరి పెరుమాళ్ల గుడిలో, ఉత్సవం నాడు స్వామివారి పట్టువస్త్రాన్ని మొదట ఆయన తలకే చుట్టేవారు. దాన్నే పరివట్టం అంటారు. తరతరాలుగా వాళ్ల ఇంటికి దక్కిన మర్యాద అది. చివరి ఏడాది కాళ్లు నిలవక సారు కుర్చీలో కూర్చుని, "ఈ తూరి నా శిష్యునికి కట్టండి సామీ. ఇంక ఈ మర్యాద వానిదే" అన్నారు. పేరు చెప్పేలోపే నేను తల వంచాను. పక్కకు చూస్తే మురళి తలా వంగే ఉంది.

"వీళ్లల్లో ఎవురికి సామీ?" అని అర్చకులు పళ్లెం పట్టుకుని నిలబడిపోయారు.

సారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఎవరమూ వెనక్కి జరగలేదు, తగ్గాలని చెప్పిన ఆ మురళి కూడా.

"లోపలికి తీసకపోండి. పెరుమాళ్ల పాదాల కాడ పెట్టేయండి" అన్నారు సారు. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఆయన పోయారు. ఉత్సవానికి మాత్రం నేను ఏటా తిరుపతి నుంచి వస్తూనే ఉన్నాను. ఈసారి కూడా పరివట్టం మడత విప్పకుండానే లోపలికి వెళ్లిపోయింది. సారు చెప్పబోయింది నా పేరేనని నా నమ్మకం. స్తంభం అవతల, తల నెరిసిన మురళి కూడా అదే నమ్మకంతో నన్ను చూస్తున్నాడు. "నువ్వే కట్టించుకోరా" అని నేను ఒక్క మాటంటే సారు ఇంటి మర్యాద మళ్లీ బతుకుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వస్తుంది. తీర్థంతో పాటు మింగేస్తాను.