సెగక్క ముఖం ఉన్న పునీతురాలు

వీధి మలుపులో ఇస్త్రీ కొట్టు నడిపే ఆవిడని అందరూ సెగక్క అంటారు. రోజంతా వేడి పెట్టెతో పని కాబట్టి ఆ పేరొచ్చిందని ఆవిడ నమ్మకం. నిజానికి ఆ పేరు పెట్టింది ఆవిడ నోటికి ఎదురుగా ఒక్కసారైనా నిలబడినవాళ్లు. ఆ సంగతి ఆవిడతో చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు కాబట్టి ఆవిడ నమ్మకం చెక్కుచెదరకుండా ఉంది.

కొట్టంటే ఒకే గది. ముందు సగం తలుపు, దాని వెనక పాత కంబళి పరిచిన బల్ల, బల్ల మీద నీళ్లు చిలకరించడానికి మూతకి చిల్లులు పొడిచిన సీసా, బల్ల కింద ఎవరిదో తెలియని ఒక ముసలి కుక్క. ఎదురు గోడకి ఛాతీ ఎత్తున ఒక ఇనప కొక్కెం ఉంటుంది. దుప్పట్లు, కిటికీ తెరలు లాంటి పెద్ద గుడ్డలు మడవాలంటే ఇద్దరు మనుషులు కావాలి కదా. సెగక్క ఒక చివర కొక్కేనికి తగిలించి, రెండో చివర తను పట్టుకుని మడుస్తుంది. "దీన్ని మించిన మనిషి లేదు. కబుర్లు చెప్పదు" అని కొక్కేన్ని మెచ్చుకుంటుంది.

ఆవిడ పెళ్లి చేసుకోలేదు. సంబంధాలు రాక కాదు, వచ్చినవాళ్ల చొక్కాలు చూసి పంపేసింది. ఒకాయన కోటు వేసుకుని దర్జాగా వచ్చాడు. ఉక్కగా ఉంది, కోటు తీసి కూర్చోండి అంటే పాపం తీశాడు. చొక్కాకి కాలరూ ముందు భాగమూ తళతళలాడుతున్నాయి, వీపంతా ముడతలే. "పైన పటారం, లోన లొటారం" అని తల్లితో ఒక్క మాట అనేసి ఆవిడ మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

చర్చి గుడ్డలన్నీ ఉతికి ఇస్త్రీ చేసేది ఆవిడే. ఆదివారం పూజ అయ్యాక ఉపదేశిగారు వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టి పునీతుల కథలు చెబుతుంటే, మాసిన గుడ్డల మూట కోసం ఎదురుచూస్తూ సెగక్క కూడా వెనక కూర్చుంటుంది. పునీతుల మీద ఆవిడకి భక్తి ఉంది, అభిప్రాయాలూ ఉన్నాయి. చలికి వణుకుతున్న బిచ్చగాణ్ణి చూసి పునీత మార్టిను తన పై అంగీని కత్తితో రెండుగా కోసి సగం ఇచ్చేశాడని చెబితే, "సగం అంగీ ఇద్దరికీ చాలదు. ఇచ్చేవాడు మొత్తం ఇవ్వాలి. పైగా కత్తితో కోస్తే అంచు పోగులు ఊడిపోతాయి, అది కుట్టేదెవరు?" అంది. పునీత లారెన్సుని ఇనప చువ్వల మీద పడుకోబెట్టి కింద నిప్పులు పోస్తే, ఈ పక్క అయింది, ఇక తిప్పండి అన్నాడని చెప్పినప్పుడు మాత్రం గౌరవంగా తలాడించింది. ఎప్పుడు తిప్పాలో తెలిసిన మనిషంటే ఆవిడకి గురి.

ఒక్క పునీత మార్త దగ్గరే పేచీ.

మార్తకి మరియ అని చెల్లెలుంది. యేసు ప్రభువు వాళ్లింటికి వచ్చినరోజు మార్త వంటింట్లో చెమటలు కక్కుతుంటే, మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుని మాటలు వింటోంది. పని అంతా నా నెత్తిన పడేసి ఇది కూర్చుంది, లేచి సాయం చెయ్యమని దీనికి చెప్పండి ప్రభూ అని మార్త మొరపెట్టుకుంది. ప్రభువు చెప్పలేదు. మరియ ఎంచుకున్నదే మేలైనది అన్నాడు. ఏటా ఈ సువార్త చదివే ఆదివారం సెగక్కకి దగ్గు వస్తుంది. బయటికి వెళ్లి, ఆ భాగం అయ్యేదాకా కుళాయి దగ్గర నిలబడి, తగ్గించుకుని లోపలికి వస్తుంది. ఆ దగ్గు ఆరేళ్లుగా ఉంది. దానికి మందు లేదని వీధి మొత్తానికి తెలుసు, ఎందుకంటే సెగక్కకీ ఒక చెల్లెలుంది.

చెల్లెలి కాపురం నది అవతల. కబుర్ల మనిషి. పని చేయదని కాదు, చెబితే చేస్తుంది. కాకపోతే రెండుసార్లు చెప్పాలి. తల్లి మంచాన పడ్డప్పుడు వచ్చి పుట్టింట్లోనే ఉండిపోయింది. ఉండి ఏం చేసింది? మంచం పక్కన కుర్చీ వేసుకుని అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది. వంట, మందులు, మంచం మీది దుప్పట్లు మార్చడం, ఉతకడం, మేడ మీద ఆరేయడం, అన్నీ సెగక్కవే. "చాకిరీ ఒకరిది, పేరొకరిది" అని మెట్లెక్కుతూ ఒకసారి, దిగుతూ ఒకసారి గొణిగేది. ఒక మధ్యాహ్నం మబ్బు కమ్ముకొచ్చింది. దుప్పట్లు తడుస్తాయని సెగక్క మేడ మీదికి పరిగెత్తింది. ఒళ్లు తడిసి, భుజాన దుప్పట్లతో దిగి వచ్చేసరికి తల్లి పోయింది. చెల్లెలు చెయ్యి పట్టుకునే ఉంది.

సమాధి కార్యక్రమం అయిపోయాక, దుఃఖం ఎక్కడ దించుకోవాలో తెలియక సెగక్క దాన్ని చెల్లెలి మీద దించింది. "బతుకంతా కూర్చున్నావు. ఆఖరికి అమ్మ చివరి మాట కూడా కూర్చునే సంపాదించావు" అంది. చెల్లెలు నోరు విప్పలేదు. కబుర్ల మనిషి నోరు విప్పకపోతే అది పొగరు కాక మరేమిటని సెగక్క అనుకుంది. ఆ సాయంత్రమే బస్సెక్కిన చెల్లెలు మళ్లీ గుమ్మం తొక్కలేదు. అమ్మ చివరికి ఏమందో ఆవిడ చెప్పలేదు, ఈవిడ అడగలేదు. అడిగితే ఓడిపోయినట్టే కదా. కానీ ఒంటరిగా బల్ల దగ్గర నిలబడినప్పుడల్లా సెగక్కకి ఒకటే బాధ. పోయేముందు అమ్మ నా ఊసెత్తిందా, లేదా? ఆ ఒక్కటీ తెలియకుండానే తనూ పోతానేమోనని భయం.

ఇలా ఉండగా, చర్చిలో పునీత మార్త స్వరూపం పెట్టించాలని ఫాదర్‌గారికి బుద్ధి పుట్టింది.

స్వరూపాలు చేసే బొమ్మల మేస్త్రి షెడ్డు ఇస్త్రీ కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఆయన దగ్గర ఆడ పునీతులందరికీ ఒకటే అచ్చు. అంగీ రంగు మారిస్తే పేరు మారిపోతుంది. "ఈసారి ఆ ముఖం వద్దు మేస్త్రీ. ఈ తల్లి పని చేసిన మనిషి. ముఖంలో పని కనిపించాలి" అని ఫాదర్‌గారు ఖండితంగా చెప్పారు. మేస్త్రి తల పట్టుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. ఎదురుగా సెగక్క పెదాలు బిగించి, ఒక కనుబొమ్మ పైకెత్తి, చెమటోడ్చుకుంటూ ఎవరిదో ప్యాంటుని లొంగదీస్తోంది. అడిగి చేస్తే మర్యాదగా ఉండేది. అడిగితే జవాబు వినాల్సి వస్తుందని అడక్కుండానే చేసేశాడు.

స్వరూపానికి కప్పిన తెల్లగుడ్డని ఇస్త్రీ చేసింది కూడా సెగక్కే. ఆదివారం ఫాదర్‌గారు ఆ గుడ్డ లాగారు. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో నడికట్టు, నడికట్టు కొసన ఘటసర్పం. జనాన్ని పీక్కుతింటున్న ఘటసర్పం మీద మార్త పవిత్ర జలం చిలకరించి, నడికట్టుతో కట్టి గొర్రెపిల్లలా నడిపించుకొచ్చిందని పూర్వం నుంచీ చెప్పుకుంటారు. ఆ ఘటసర్పం అచ్చం బల్ల కింది కుక్కలాగే ఉంది గానీ దాన్ని చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. చర్చి మొత్తం ఒక్కసారిగా వెనక్కి తిరిగి, ఆఖరి వరసలో ఉన్న సెగక్కని చూసింది. ఒక పసివాడు తల్లి ఒళ్లో తల దాచుకున్నాడు.

"అంగీ చేతికి ముడత ఉంది" అంది సెగక్క.

మర్నాడు షెడ్డుకి వెళ్లి మేస్త్రిని కడిగిపారేసింది.

"నా ముఖం పెట్టావు, పెట్టుకో. అది దేవుడిచ్చిన ముఖం, నా సొత్తేం కాదు. కానీ ఇస్త్రీ చేసేదాని ముఖం పెట్టి అంగీ నిండా ముడతలు పెడతావా? నా కొట్టు మూయిద్దామనా?"

"ముడతలు లేకపోతే అది గుడ్డని తెలీదక్కా, గోడనుకుంటారు" అన్నాడు మేస్త్రి, తలెత్తకుండా.

సెగక్క గిరుక్కున తిరిగి కొట్టుకి వచ్చి, అప్పటికే అయిపోయిన దుప్పటిని మళ్లీ మొదటినుంచీ ఇస్త్రీ చేసింది.

అసలు అవస్థ ఆ తర్వాత మొదలైంది. బట్టల మూట అందిస్తూ జనం దణ్ణం పెట్టబోయి తమాయించుకునేవారు. ట్యాక్సీ డ్రైవరు ఒకడు మరీ తెగించి, "పొద్దున మీకు కొవ్వొత్తి వెలిగించానమ్మా, ఈ కాలరు కాస్త గట్టిగా నిలబడేట్టు చూడండి" అన్నాడు. "కొవ్వొత్తి అక్కడ పెట్టి కాలరు ఇక్కడ అడుగుతావా? పో, వెళ్లి ఆవిడ చేతే చేయించుకో!" అని సెగక్క లేచింది. వాడు ఆశీర్వాదం తీసుకున్నట్టు తల వంచి వెళ్లిపోయాడు. తిట్టు తగలకపోతే తిట్టినవాళ్లకి ఎంత నీరసమో ఆవిడకి అప్పుడు తెలిసొచ్చింది.

ఈ వార్త బస్సులో నది కూడా దాటింది. "మీ అక్కని చర్చిలో నిలబెట్టారు" అని ఎవరో చెబితే, "అయ్యో, ఎవర్ని ఏమందని?" అని చెల్లెలు కంగారుపడిందట.

మార్త సువార్త చదివే ఆదివారం రానే వచ్చింది. దగ్గూ వచ్చింది. సెగక్క లేవబోయి చూస్తే అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. దగ్గు మింగేసి కూర్చుంది, ఆరేళ్ల తర్వాత ఆ కథ మొత్తం విన్నది. పూజ అవగానే ఉపదేశిగారిని వరండాలో నిలేసింది.

"ఆ తర్వాత ఏమైంది?"

"తర్వాతంటే ఏముందమ్మా, అంతే."

"అంతేనా? ఆ రోజు భోజనాలు ఎవరు వడ్డించారు?"

"అది రాయలేదమ్మా."

"రాయరు" అంది సెగక్క.

ఉపదేశిగారికి జాలేసింది. "అక్కాచెల్లెళ్లు మళ్లీ ఇంకోచోట వస్తారమ్మా. తమ్ముడు లాజరు పోయినప్పుడు. ప్రభువు వస్తున్నాడని తెలిసి మార్త ఎదురెళ్లింది, మరియ ఇంట్లోనే కూర్చుంది."

"అక్కడా కూర్చుందా!"

"కూర్చుంది. అప్పుడు మార్తే వెనక్కి వచ్చి పిలిచింది. పిలవగానే గబుక్కున లేచింది."

"మార్తే పిలిచిందా?" అని సెగక్క రెండుసార్లు అడిగి, మూట నెత్తినెత్తుకుని వెళ్లిపోయింది. ఆ రోజు కుక్కని కూడా ఏమీ అనలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. చల్లారిన పెట్టెని చూస్తూ కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. అప్పటికే ఇస్త్రీ అయిపోయిన పీఠం గుడ్డని, అదే పూజ బల్ల మీద పరిచే గుడ్డని, చర్చిలో ఇచ్చేద్దామని బయల్దేరింది. అంత పొడవు గుడ్డని ముడత పడకుండా కర్రకి చుట్టి తీసుకెళ్లి, అక్కడ మడిచి బీరువాలో పెట్టడం ఆవిడ పద్ధతి. అందుకోసం పూజా వస్త్రాల గదిలో కూడా ఒక కొక్కెం కొట్టించుకుంది. ఆ గది తలుపుని ఆనుకునే మార్త స్వరూపం ఉంటుంది. సెగక్క గుడ్డ ఒక చివర కొక్కేనికి తగిలించి, రెండో చివర అంచుని పళ్లతో పట్టుకుని లాగుతుండగా, ఓరగా ఉన్న తలుపు అవతల అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది.

"నీతో కాదక్కా, నీ ముఖంతో చెప్పుకుందామని వచ్చాను" అంది చెల్లెలి గొంతు. "నీతో చెప్పాలంటే నువ్వు చెప్పనివ్వాలి కదా. ఇదైతే అడ్డు రాదు."

నోట్లో గుడ్డ ఉంది కాబట్టి సెగక్క కూడా అడ్డు రాలేదు.

"అమ్మ చివరికి నాకేదో మంచి మాట చెప్పి పోయిందనుకున్నావు కదూ. ఏం చెప్పిందో తెలుసా? 'మబ్బు పట్టింది, పెద్దది ఒక్కతే దుప్పట్లు తీస్తోంది, వెళ్లి సాయం చెయ్యవే' అంది. వెళ్తాలే అమ్మా అన్నాను. చెయ్యి వదలబుద్ధి కాలేదు. 'చెబుతుంటే నీక్కాదూ, అది తడిసిపోతోంది, లే' అని మళ్లీ అంది. అంతే. ఇంకేం అనలేదు. నన్ను కసిరి పోయిందక్కా. నేను మాత్రం లేవలేదు. ఆ మాట ఏ ముఖం పెట్టుకుని నీకు చెప్పను?"

మార్త కోసం ప్రభువు చెప్పని మాట, సెగక్క కోసం అమ్మ చెప్పి పోయింది. రెండుసార్లు చెప్పింది. తన ఊసెత్తలేదేమోనని ఆరేళ్లు కుమిలిన మనిషికి, ఎత్తిందని తెలిశాక ఏడుపు ఇంకా ఎక్కువైంది. గుడ్డ నోట్లో కుక్కుకుని కుళ్లి కుళ్లి ఏడ్చింది. ఉతికి ఇస్త్రీ చేసిన పీఠం గుడ్డ కొస తడిసి ముద్దయింది.

"మబ్బు పట్టిందంటే లేవాలి కదే!" అని స్వరూపం వైపు నుంచి గట్టిగా కేక వినిపించింది.

స్వరూపం పాదాల దగ్గర కూర్చున్న చెల్లెలు ఉలిక్కిపడింది. పునీతురాలు పలికిందని మాత్రం అనుకోలేదు. పునీతులు పలికితే అంత గట్టిగా అరవరు. తలుపు తెరుచుకుంది. అదే ముఖం, కాకపోతే ఇది కళ్లు వాచి, ముక్కు ఎర్రబడి, చేతిలో గుడ్డతో ఉంది.

"అక్కా..."

"ఏడుపులు తర్వాత. ఈ గుడ్డ నా ఒక్కదాని వల్ల కావడం లేదు. లే, వచ్చి సాయం చెయ్యి."

చెల్లెలు గబుక్కున లేచింది.

సెగక్క కొక్కెం నుంచి గుడ్డ తీసి ఆ చివర చెల్లెలికి ఇచ్చింది. పీఠం గుడ్డ మడవాలంటే ఇద్దరూ చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నడిచి రావాలి, దగ్గరికి వచ్చాక ఒకరి చేతిలోది ఇంకొకరు అందుకోవాలి. వాళ్లూ అలాగే చేశారు. కళ్లు సరిగా కనిపించక మడత వంకరపోయింది, దాన్ని అలాగే బీరువాలో పెట్టేశారు.

ఆదివారం పీఠం మీద, గుడ్డ నడిమధ్యన ఒక ముడత చర్చి మొత్తానికి కనిపించింది. ఇక ఏమవుతుందోనని అందరూ భయం భయంగా ఆఖరి వరస వైపు తిరిగారు. బొమ్మల మేస్త్రి కూడా తిరిగాడు.

"ఏం చూస్తావు? ముడత లేకపోతే గోడనుకుంటారు" అంది సెగక్క. తర్వాత పక్కనున్న చెల్లెల్ని కాస్త జరగమని మోచేత్తో పొడిచి, పాటల పుస్తకం ఇద్దరి మధ్యా తెరిచి పెట్టింది.