నూగు వాలిన వైపు

ఈ బరువును ఏళ్లుగా మోస్తున్నాను. దించుకునే చోటు దొరక్క మీ ముందు పెడుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నేను దోహాలో కటింగ్ మాస్టర్ని. మా వర్క్‌షాప్‌లో ఎక్కువగా కుట్టేది రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్ల కార్మికుల డ్యూటీ బట్టలు. ఒకసారి వెస్ట్ బేలోని ఒక హోటల్ నుంచి వింత ఆర్డరు వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి కాల్బలం కోట్లు, జెండాలు కావాలట. ఏదో విందులో నటులు వేసుకుని కవాతు చేస్తారట. బొమ్మలు పంపారు. అందరివీ తెల్ల కోట్లే. ఎవరు ఏ రెజిమెంటువాడో చెప్పేది ఛాతీ మీది పట్టీల రంగు, చేతి కఫ్‌ల రంగు. జెండాలూ అంతే. నడుమ తెల్ల శిలువ, నాలుగు మూలల్లో ఆ రెజిమెంటు రంగులు. రంగు కాస్త మారితే మనిషి ఇంకో దళంవాడైపోతాడు.

పట్టీలు దీపాల వెలుగులో మెరవాలని ఎర్ర మఖ్మల్ ఇచ్చారు. మఖ్మల్‌కు నూగు ఒకవైపే వాలి ఉంటుంది. ముక్కలన్నీ ఒకే వైపుకు పెట్టి కత్తిరించాలి, లేకపోతే వెలుగు పడ్డప్పుడు రంగు తేడాగా కనిపిస్తుంది. నాకు తెలియదా? తెలుసు. కానీ గుడ్డ మిగల్చడానికి ఒక ముక్క తల పైకి, పక్క ముక్క తల కిందికి పెట్టి ఏళ్ల తరబడి డ్యూటీ బట్టలు కత్తిరించిన చెయ్యి ఇది. ఆ రోజూ అలాగే పోయింది.

వర్క్‌షాప్‌లో ఎవరూ గమనించలేదు. హోటల్లో దీపాలు వేశాక బయటపడింది. సగం మంది ఎరుపు, సగం మంది నల్లబారిన ఎరుపు. ఒకే రెజిమెంటు రెండుగా చీలి నిలబడింది.

మేనేజర్ బట్టల పని తెలియని మనిషి. ఇదెవరు చేశారని అడిగాడు. కుట్టింది సలీం, నిజామాబాదువాడు. అల్ సద్‌లో తెరవబోయే కొత్త దుకాణానికి అతన్నే మాస్టర్ని చేస్తామని కంపెనీ మాట ఇచ్చింది.

"కటింగ్ బాగానే ఉంది. పట్టీలు తలకిందులుగా కుట్టాడు" అన్నాను.

ఎందుకన్నాను? భయమా? ఆ దుకాణం మీద ఆశా? అనాలని అనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది అని చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను గానీ, అలా చెప్పుకుంటున్న మనిషిని కూడా నమ్మాలో లేదో నాకు తెలియడం లేదు.

సలీం ఒక పట్టీని అరచేత్తో పైకి నిమిరాడు. తర్వాత కిందికి.

"మాస్టర్, నేను ఉల్టా కుట్టిన్నా?"

"అవ్ భాయ్. చూస్కోలే నువ్వు."

"నువ్వంటున్నవంటే అయ్యుంటది తియ్యి. ముసలోన్నయితున్న, కండ్లు ఆనుతలేవు" అని నవ్వాడు. మేనేజర్ వైపు తిరిగి, "గల్తీ మేరీ హై, సాబ్" అన్నాడు.

"ఖలాస్" అన్నాడు మేనేజర్. సలీంను పనిలోంచి తీసేసి ఇండియాకు పంపేశారు. అల్ సద్ దుకాణంలో మాస్టర్ని ఇప్పుడు నేను.

ఒక సంగతి మీకు చెప్పాలి. ఆ కోటు పట్టీ భుజం దగ్గర వెడల్పు, నడుము దగ్గర సన్నం. తలకిందులుగా కుట్టడానికి వీలే లేదు, కూర్చోదు. మేనేజర్‌కు తెలియదు, సరే. మిషన్ మీదే బతికిన సలీంకు తెలియదా? ఆ క్షణంలో నా మాటకు తడబడి నిజంగానే నమ్మాడా? నమ్మి ఉంటే, ఒక పనివాడికి తన చేతి మీద ఉన్న నమ్మకాన్ని తీసేశాను. నమ్మకపోతే మరి ఎందుకు ఒప్పుకున్నాడు? నాకోసమా? నాకోసం ఎందుకు? ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతాను. ప్రతిసారీ ఇక్కడే.

అడగొచ్చు. నంబరు ఉంది. పండక్కి "మాస్టర్, ఖైరియత్?" అని క్షేమం అడుగుతూ మెసేజ్ పెడతాడు. నేనూ ఖైరియత్ అనే రాస్తాను.

కత్తిరించింది నేను. సలీం సరిగ్గానే కుట్టాడు.

ఇంత చిన్న మాట. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది.