సింధు కంప్యూటర్ రెడీ అయిందని ఫోన్ వచ్చింది

మా అమ్మాయి పోయిన ఎనిమిది నెలలకు ఒక మధ్యాహ్నం దాని ఫోన్ మోగింది. ఆ ఫోన్‌ను నేను తీసేయనివ్వలేదు. నెలనెలా బిల్లు కడుతూ, చార్జింగ్ పెడుతూ వంటింటి గట్టు మీదే ఉంచుకున్నాను. ఎత్తితే ఒక పెద్దాయన గొంతు. "సింధు ఉందా? తన కంప్యూటర్ బాగైంది, ఎప్పుడొచ్చి తీసుకెళ్తుంది?" అని ఇంగ్లీషులో అడిగాడు. నాకు ఇంగ్లీషు వింటే అర్థమవుతుంది, మాట్లాడటమే తక్కువ. "షీ ఈజ్ నాట్ హోమ్" అన్నాను. ఇంట్లో లేదని చెప్పాను గానీ, అసలు లేదని చెప్పలేకపోయాను. అడ్రస్ రాసుకుని పెట్టేశాను.

నేను ఏడో తరగతితో ఆపేసినదాన్ని. అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఒక టిఫిన్ సెంటర్ వంటింట్లో పని చేస్తాను. మా ఆయన ఇండియన్ గ్రోసరీలో పని చేస్తారు. సింధుకు ఇరవై మూడేళ్లు. ఒక ఉదయం నిద్ర లేవలేదు. గుండెలో ఏదో ఉందట, మాకెవరికీ తెలియదు. దానికి ఒక పిచ్చి ఉండేది. నలభై ఏళ్ల కిందట బ్రిటన్‌లో పిల్లలు ఇళ్లలో వాడిన చిన్న చిన్న కంప్యూటర్లంటే ప్రాణం. దాని దగ్గరున్నది నల్లగా, రబ్బరు మీటలతో మా పోపుల డబ్బా కంటే కాస్త పెద్దగా ఉండేది. అందులో ప్రోగ్రామ్ ఎక్కించాలంటే టేప్ రికార్డర్‌లో క్యాసెట్ పెట్టి వినిపించాలి. పాట కాదు, కీచుమనే ఈల. ఇల్లంతా ఆ ఈలే. "ఆపవే తల్లీ, చెవులు పోతున్నాయి" అని ఎన్నిసార్లు తిట్టానో.

అది పోయినప్పుడు కంప్యూటర్ ఇంట్లో లేదు, టేప్ రికార్డర్‌లో ఒక క్యాసెట్ మాత్రం ఉండిపోయింది. అట్ట మీద దాని చేతిరాతతో 'హోమ్' అని రాసుంది. రోజూ పొద్దున దాని గదిలో కూర్చుని ఆ ఈల వినేదాన్ని. ఒకరోజు మధ్యలో ఆపి మళ్లీ పెట్టేటప్పుడు కళ్ల నీళ్లలో కనబడక రెండు మీటలు కలిపి నొక్కాను. ఈల రాలేదు. కాసేపటికి చూస్తే ఎర్ర మీట కూడా కిందికి ఉంది. అంటే దాని రాత మీద నేను రికార్డ్ చేస్తున్నాను! ఆపేశాను. ఎంత చెరిపానో తెలియదు. మళ్లీ పెట్టి వినే ధైర్యం లేదు. మా ఆయనకూ చెప్పలేదు. ఫోన్ వచ్చాక మాత్రం, కంప్యూటర్ బాగుచేసే మనిషికి ఈ క్యాసెట్ సంగతీ తెలుస్తుంది కదా అనిపించింది.

సింధు వెళ్తుండే పాత కంప్యూటర్ల సంఘం వాళ్లు నెలకొక శనివారం వర్జీనియాలో సౌత్ హిల్ దగ్గర ఒక చర్చి కింది గదిలో కలుస్తారు. పొద్దున ఏడింటికి బయల్దేరాం. మోరిస్‌విల్ నుంచి ఫార్టీ హైవే మీద డర్హమ్ వైపు వెళ్లి, అక్కణ్ణుంచి ఎయిటీ ఫైవ్ నార్త్ ఎక్కితే గంటన్నర చాలు. మాకు రెండు గంటలు పట్టింది. ఆక్స్‌ఫర్డ్ దాటినప్పటి నుంచి పొగమంచు, ముందున్న ట్రక్కు ఎర్రదీపాలు తప్ప ఏమీ కనిపించలేదు. "ఆ పెట్టె వాళ్లకే ఇచ్చేద్దాం పద్మా. ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకుంటాం?" అన్నారు మా ఆయన. "ముందు చూద్దాం" అన్నాను. "ఏం చూస్తావే, నీకేమన్నా వచ్చా?" అన్నారు. క్యాసెట్ నా చీర కొంగులో మూటకట్టి ఉంది. 

వర్జీనియాలోకి వచ్చాక గ్యాస్‌కి, అదే పెట్రోలుకి, ఆగాం. ఇరవై రెండు డాలర్లు అయింది. కౌంటర్‌లో ఉన్నామె మా అడ్రస్ కాగితం చూసి, "ఓ, ఈలల చర్చికా! శనివారాలు ఆ కిందనుంచి ఈలలు వస్తాయి. మా కుక్క ఆ వీధిలో నడవదు" అంది. నవ్వుతూనే అంది కానీ, నాకు నవ్వు రాలేదు. ఆ ఈల ప్రపంచంలో మా ఇంట్లోనే ఉందని అనుకున్నాను మరి.

చర్చి వెనక పార్కింగ్ ఫ్రీ. పక్క తలుపు నుంచి పద్నాలుగు మెట్లు దిగాలి. కింద కిటికీలు లేవు. పదిహేను బల్లలు, ప్రతి బల్ల మీదా ఒక పాత టీవీ, దాని ముందు ఒక మనిషి. అందరూ పెద్దవాళ్లే. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. టేపుల్లోంచి ఈలలు ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి, టీవీల అంచుల్లో ఎర్రగీతలు, నీలిగీతలు పరుగెడుతున్నాయి. ఆ వెలుతురు వాళ్ల ముఖాల మీద పాకుతోంది. అమెరికా కరెంటు ఆ మిషన్లకు పడదట, ప్రతి బల్ల కిందా కరెంటు మార్చే ఒక ఇనప పెట్టె గుయ్యిమంటోంది. ఇవి కాక మూలగా ఇంకో బల్ల, ముందు మనిషి లేకుండా ఉంది. మా సింధు కంప్యూటర్ దాని మీదే ఉంది, టీవీ వెలుగుతోంది, కుర్చీ కాస్త వెనక్కి జరిపి ఉంది. ఇప్పుడే లేచి వెళ్లిన మనిషి కుర్చీలా.

ఫోన్ చేసిన పెద్దాయన పేరు వాల్టర్. రిటైరైన రేడియో మెకానిక్. "సింధు కార్ పార్క్ చేస్తోందా?" అన్నాడు. అప్పుడు మా ఆయన సింధు పోయిందని చెప్పారు. వాల్టర్ వెళ్లి ఆ కుర్చీని బల్ల లోపలికి జరిపాడు. మళ్లీ ఏమనుకున్నాడో, వెనక్కి లాగి నన్ను కూర్చోమన్నాడు.

నేను కొంగు విప్పి క్యాసెట్ ఇచ్చాను. ఎర్రమీట సంగతి అప్పుడే చెప్పాను, మా ఆయన వైపు చూడకుండా. "ఇన్నాళ్లూ దాచావా?" అన్నారు ఆయన మెల్లగా. వాల్టర్ క్యాసెట్‌ను దీపం దగ్గర తిప్పి చూశాడు. "వేరే కాపీ లేదా?" లేదన్నాను. అప్పుడాయన గదివైపు తిరిగి చెయ్యెత్తి, "ఒక్కటే కాపీ" అన్నాడు. అంతే, ఒక్కొక్క బల్ల దగ్గరా టేపులు ఆగిపోయాయి. అది వాళ్ల పద్ధతట. ఒక్కటే కాపీ ఉన్న టేపు ఎక్కిస్తుంటే ఎవరూ శబ్దం చేయకూడదు, ఏ బల్లా కదలకూడదు. అందరూ వచ్చి మా వెనక నిలబడ్డారు.

ఈల మొదలైంది. నాకు అది నోటికొచ్చు. పొడుగు ఈల, చిన్న గరగర, మళ్లీ పొడుగు ఈల, ఆపైన కీచులాట. టీవీ అంచుల్లో గీతలు పరుగెత్తాయి. ఉన్నట్టుండి టక్‌మని ఈల తెగింది, గీతలు పోయాయి. టేప్‌లోంచి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. "సింధూ... లేమ్మా, ఆరైంది. లేట్ అవుతుంది." తర్వాత నిశ్శబ్దం. నిశ్శబ్దం అంటే ఏమీ లేకపోవడం కాదు. ఎవరో తలుపు దగ్గర నిలబడి జవాబు కోసం చూస్తున్నట్టు ఊపిరి. మళ్లీ, "లేమ్మా."

అది నా గొంతని తెలియడానికి కొంచెం సేపు పట్టింది. ఆ మాట అన్నట్టే నాకు గుర్తులేదు. మా ఆయన నా కుర్చీని వెనకనుంచి పట్టుకున్నారు. "ఇంకా పిలుస్తున్నావా?" అన్నారు. ఆ ఇంట్లోనే ఉంటారు, ఆయనకు తెలియదు. ఆరింటికల్లా ఆయన కొట్టు తెరవడానికి వెళ్లిపోతారు.

కంప్యూటర్ తప్పు అని చూపించింది. "చెరిగిపోయిందా?" అన్నాను తెలుగులోనే. వాల్టర్‌కు అర్థమైనట్టే ఉంది. టేప్ ఆపలేదు. "మా వాళ్లకు టేప్ మీద నమ్మకం ఉండదమ్మా. ఏది రాసినా వెనకే రెండోసారి రాస్తాం. మీ అమ్మాయికి ఆ మాట నేను వంద సార్లు చెప్పాను. విన్నదో లేదో చూద్దాం" అన్నాడు. తెగిన ఈల మళ్లీ వచ్చి, కాసేపు కీచులాడి అయిపోయింది. తర్వాత ఉత్త హిస్‌మనే చప్పుడు. అందరం ఆ చప్పుడే విన్నాం. ఎంతసేపో. నాకైతే అంతా అయిపోయిందనే అనిపించింది.

పొడుగు ఈల లేచింది.

ఐదు నిమిషాలు పట్టింది ఎక్కడానికి. మధ్యలో ఈల బొంగురుపోతుంటే వాల్టర్ సన్నటి స్క్రూడ్రైవర్‌తో రికార్డర్‌లోని చిన్న మరను వెంట్రుకవాసి తిప్పుతూనే ఉన్నాడు. ఆయన నుదుటి మీద చెమట. ఆఖరికి తెర మీద అక్షరాలు వచ్చాయి. బొమ్మలు లేవు, మాటలే. మా ఆయన చదివి చెప్పారు. "నువ్వు మోరిస్‌విల్‌లో ఒక ఇంట్లో ఉన్నావు. వంటింట్లో అమ్మ ఉంది."

అది మా ఇల్లే. మాటలు టైప్ చేస్తూ గదిగదికీ తిరగాలి. వాల్టర్ బయటికి వెళ్లమని కొట్టాడు. ఇంగ్లీషు అక్షరాల్లో 'తిన్నావా?' అని వచ్చింది. మా ఆయన అర్థం చెబితే, తిన్నానని కొట్టాడు. 'అబద్ధం. కూర్చో' అని వచ్చింది. ఏం కొట్టినా ఇంట్లోంచి కదలనివ్వదు. వెనకున్నవాళ్లు నవ్వారు. "ఈ అమ్మ భలే గట్టిది" అన్నాడు వాల్టర్. "మా నిజం ఇంట్లో కూడా ఈవిడ అంతేనండీ" అన్నారు మా ఆయన. ఎనిమిది నెలల్లో ఆయన నవ్వడం అదే చూశాను. తినమని కొడితే గానీ మేడమెట్లు రాలేదు.

పైన ఒక తలుపు. మా ఆయన తానే కూర్చుని, ఒక్కో మీటా వెతుక్కుంటూ తెరువు అని కొట్టారు. తెర మీద వచ్చింది చూసి ఆయన పక్కకు జరిగారు. వాల్టర్ చదివాడు. "లోపల సింధు నిద్రపోతోంది. ఇంకో ఐదు నిమిషాలు అమ్మా, అంటోంది." ఇంకేం కొట్టినా అదే మాట వచ్చింది. అక్కడితో ప్రోగ్రామ్ రాయడం ఆపేసినట్టుంది.  ఇనప పెట్టె గుయ్యిమంటోంది.

తర్వాత వాల్టర్ నాలుగు కాపీలు తీశాడు. నేను తెచ్చిన పులిహోర అందరూ తిన్నారు. చందాలకు పెట్టిన బిస్కెట్ డబ్బాలో పది డాలర్లు వేశాం, వాళ్లు అడిగి తీసుకునేది ఏమీ లేదు. వచ్చేముందు ఆయన అడిగాడు. "టేప్ మీద చెరిగిన చోట మంచి కాపీ మళ్లీ రాసేయగలను. మీ అమ్మాయి వదిలి వెళ్లినట్టే ఉంటుంది. చేయమంటారా?" నేను చేయమనబోయాను. నా తప్పు పోతుందంటే ఎవరు వద్దంటారు?

"వద్దండీ" అన్నారు మా ఆయన. "వాళ్లమ్మ పిలుపు అలాగే ఉండనివ్వండి."

తిరుగు దారిలో పొగమంచు లేదు. సింధు కంప్యూటర్ నా ఒళ్లో ఉంది. ఆ గదిలో వాళ్లు పట్టుకుని కూర్చున్నవి ఎవరికీ అక్కర్లేని మిషన్లు. కరెంటు తీస్తే అన్నీ మరిచిపోతాయి, ప్రతిసారీ మొదటినుంచీ వినిపించి ఎక్కించాలి. ఇంత ఓపిక వీళ్లకు ఎందుకో మొదట నాకు అర్థం కాలేదు. ఇప్పుడు పొద్దున్నే మా ఆయన కొట్టుకు పది నిమిషాలు ఆలస్యంగా వెళ్తున్నారు. ఆరింటికి ఇద్దరం ఆ గది దగ్గర నిలబడతాం. ఒక్కోసారి ఆయనే పిలుస్తారు. బాగైందని చెప్పను, భయం మాత్రం తగ్గింది.

మీ ఇంట్లో కూడా పోయినవాళ్ల క్యాసెట్ ఉంటే ఒక్క మాట. వాల్టర్ మా చేతికిచ్చే ముందు క్యాసెట్ పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకుల్ని స్క్రూడ్రైవర్‌తో విరిచేశాడు. అవి లేకపోతే ఎర్రమీట కిందికి దిగదు. ముందు వాటిని విరవండి, తర్వాతే వినండి.