పెద్దాయన పేరే పడింది

ఆ రోజుల్లో ఉద్యోగమంటే పెద్దవాళ్ళు చెప్పింది చెప్పినట్టు చేయడమేననుకునేదాన్ని. పెద్దవాళ్ళు ఇద్దరుండి చెరొకటీ చెబితే ఏం చేయాలో మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. బందరులో ఒక చిన్న పేపరాఫీసులో కొత్తగా చేరాను (పేరుకి సబ్ ఎడిటర్ని, చేసేది కంప్యూటరు ముందు కూర్చుని వార్తల్ని గళ్ళలో ఇరికించడం). గుడివాడ, అవనిగడ్డల దాకా వెళ్ళే నాలుగు పేజీల పేపరది. దాన్ని పెట్టిన పెద్దాయన ఆ చలికాలంలోనే పోయారు. బందరు ఆఫీసు చూసే పెద్దబ్బాయిగారు పేపరు నాదన్నారు. గుడివాడ ఆఫీసు చూసే చిన్నబ్బాయిగారు కాదు, నాదన్నారు. పెద్దాయన భార్యని మేమంతా మామ్మగారనేవాళ్ళం. ఆవిడ కోరిందొక్కటే, పేపరు రెండు ముక్కలు కాకూడదని.

ఇంతలో మార్చి వచ్చింది. పేపరు ఓనరెవరో ఏటా ఆ నెల మొదట్లో పేపర్లోనే అచ్చువేసి చెప్పుకోవాలని రూలు. "ఎవరి పేరు వెయ్యమంటారండీ?" అని పెద్దబ్బాయిగారిని అడిగాను. "అదేం ప్రశ్నమ్మా, నా పేరే!" అన్నారు. ఆయనటు వెళ్ళారో లేదో, గుడివాడ నుంచి చిన్నబ్బాయిగారి ఫోను. "అన్నయ్య పేరు పడిందంటే రేపట్నించి నువ్వు రానక్కర్లేదు." ఇద్దరూ తేల్చుకుని చెప్తారు గదా అని, పోయినేడాది ప్రకటన తీసి, తేదీ మార్చి, ప్రస్తుతానికి పేజీలో పెట్టి ఎదురుచూశాను. ఎవరూ చెప్పలేదు. నాకేమో బస్సు టైమైపోతోంది. పేరు సంగతి మరిచిపోయి పేజీని ప్రెస్సుకి పంపేశాను.

తెల్లారి చూద్దును గదా, ఓనరు పెద్దాయనే! పైగా కింద, "పై వివరాలు నాకు తెలిసినంతవరకు నిజమని ప్రకటిస్తున్నాను" అంటూ ఆయన సంతకం. పెద్దకర్మకి భోంచేసి వెళ్ళినవాళ్ళే (నేనూ చేశాను, గారెలు రెండోసారి కూడా వేయించుకున్నాను) ఫోన్లు మొదలుపెట్టారు. నాగాయలంక ఏజెంటైతే, "ఏమ్మా, పెద్దాయన అక్కడ కులాసాయేనా?" అన్నాడు. పదింటికల్లా అన్నదమ్ములిద్దరూ ఆఫీసులో ఉన్నారు. తండ్రి పోయాక వాళ్ళు ఒక గదిలో కూర్చోవడం అదే మొదలు, ఒక్క మాట మీద ఉండడమూ అదే మొదలు. ఆ మాట, తప్పంతా నాదేనని.

"పోయినాయన సంతకం పెడతాడా? బుద్ధుందా అమ్మాయ్?" అని పెద్దబ్బాయిగారు కేకలేస్తుంటే మామ్మగారు ఆటోలో దిగారు. "దాన్నంటారేంట్రా? సవరణ వేయించండి. ఇద్దరి పేర్లూ వెయ్యండి" అన్నారు. ఆశ్చర్యం, ఇద్దరూ సరేనన్నారు! నాకు ప్రాణం లేచొచ్చింది. కీబోర్డు మీద చేతులు పెట్టి, "ముందెవరి పేరండీ?" అని అడిగాను. నా నోరు పడిపోయినా బాగుండేది. "పెద్దవాణ్ణి, నాదే" అన్నారు పెద్దబ్బాయిగారు. "ఇన్నేళ్ళూ ఊరూరూ తిరిగి పేపరు అమ్మించింది నేను" అన్నారు చిన్నబ్బాయిగారు. మధ్యాహ్నానికి ఆయన కారెక్కి గుడివాడ వెళ్ళిపోయారు. సవరణ పడలేదు.

మామ్మగారు ఆ రోజు పేపరు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. "పేపరు ఉంటుందంటావా అమ్మాయ్?" అన్నారు. "ఉంటుందండీ" అన్నాను. మళ్ళీ మార్చి రాకముందే రెండు ఆఫీసులకీ తాళాలు పడ్డాయి. ఇప్పుడు నేను బందరులోనే పెళ్ళికార్డుల షాపు నడుపుతున్నాను. ఆ పేపరు చివరికి ఎవరికి దక్కిందండీ అని ఎవరైనా అడిగితే, "పెద్దాయనకేనండీ, నేనే ఇప్పించాను" అంటాను. వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. కానీ ఆ పూట అడక్కుండా ఏదో ఒక పేరు ముందు టైపు చేసేసి ఉంటే, వాళ్ళు చూసుకోకుండా ఊరుకునేవాళ్ళేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.