మూడు బెంచీల వైవిధ్యం

కరోనా సెలవులు ముగిసి కాలేజీలు తెరిచిన ఏడాది నన్ను గూడూరు వైపు ఒక ఉపాధ్యాయ శిక్షణ సంస్థకు సీనియర్ లెక్చరర్‌గా బదిలీ చేశారు. రేపు బడిలో పాఠం చెప్పబోయేవారికి పాఠం చెప్పడం మా వృత్తి. వారిని ఛాత్రోపాధ్యాయులంటాం.

ఆ చలికాలం రాష్ట్ర విద్యాశాఖ నుంచి ఒక పరిశీలకుడు వస్తున్నారని కబురొచ్చింది. తరగతిలోని వైవిధ్యాన్ని ఎలా గౌరవిస్తున్నామో ఆయన మాదిరి పాఠంలో చూస్తారు. నచ్చకపోతే కొత్త బ్యాచ్‌కు అనుమతి రాదు. మా ప్రిన్సిపాల్ గారు మంచివారే గాని కంగారు మనిషి. "వైవిధ్యం కంటికి కనపడాల మేడమ్" అంటూ మూడు బెంచీలు వేయించి, పేర్లను బట్టి మతానికొక బెంచీ కేటాయించారు.

హిందువుల బెంచీకి వచ్చిన సీతారత్నాన్ని బొట్టు పెట్టుకోమన్నారు.

"మా నాయన పాస్టరు సార్" అందా అమ్మాయి.

మస్తానయ్యకు టోపీ ఇచ్చారు.

"మేం పోలేరమ్మకు పొంగళ్లు పెట్టేవాళ్లం సార్. మాయమ్మ దర్గాలో మొక్కుకోని ఈ పేరు పెట్టినాది. నేను హిందువుల బెంచీలో కూర్చుంటా."

"మస్తానయ్యని పేరు పెట్టుకోని ఆడ కూర్చుంటే వచ్చినోళ్లు ఏమనుకుంటారయ్యా?"

బ్యాచ్‌లో ఉన్న ఒకే ఒక్క ముస్లిం షమీమ్. మాదిరి పాఠం చెప్పేది ఆమే కాబట్టి బెంచీకి దొరకలేదు. మస్తానయ్య తల మీదున్నది ఆమె తమ్ముడి టోపీ.

పరిశీలకుడు వచ్చారు. నీటి చక్రం మీద షమీమ్ పాఠం బాగానే సాగింది. ఆయన మస్తానయ్య దగ్గర ఆగి, ఇక్కడ నీకేమైనా ఇబ్బందిగా ఉందా అని ఎంతో ఆప్యాయంగా అడిగారు.

"టోపీ బిగువుగా ఉండాది సార్" అన్నాడు మస్తానయ్య.

తరగతి గొల్లుమంది. పరిశీలకుడు అతని పేరడిగారు. విన్నాక కాసేపు మూడు బెంచీల వంకా చూశారు. తన పేరు మస్తాన్‌రావనీ, తనదీ దర్గా మొక్కేననీ, ఇంట్లో పూజలు మాత్రం శివుడికనీ చెప్పి, "ఇప్పుడు నేనెక్కడ కూర్చోవాల ప్రిన్సిపాల్ గారూ?" అన్నారు.

ప్రిన్సిపాల్ గారు బెంచీలన్నీ కలయజూసి, "మీరు కుర్చీలో కూర్చోండి సార్" అన్నారు.

అనుమతి వచ్చింది, పాఠం బాగున్నందుకు. బెంచీల మాట స్టాఫ్‌రూమ్‌లో ఎవరం ఎత్తలేదు. అందర్నీ కలుపుకుపోయే సమ్మిళిత విద్య మీద ఏళ్ల తరబడి ఉపన్యాసాలిచ్చిన వాళ్లమే అందరం. నేను మాత్రం ఆ తర్వాత ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ మొదటి గంట నోరు మూసుకుని, ఎవరి సంగతి వాళ్లనే చెప్పుకోమనేదాన్ని. తరగతిలో ఎవరెవరున్నారో తెలుసుకోవడానికి అంతకన్నా దగ్గరిదారి నాకు కనిపించలేదు.