కరివేపాకు మీద పురుగు

బైక్ మీద నుంచి పడి కాలు విరిగాక, కాజీపల్లి ఫ్యాక్టరీకి సెలవు పెట్టి నెలన్నర ఇంట్లోనే ఉన్నాను. పొద్దుపోక, ఫోన్‌కు తగిలించే చిన్న లెన్స్ తెప్పించుకుని కుండీలోని కరివేపాకు చెట్టు ముందు కూర్చున్నాను. ఆకు మీద పక్షి రెట్టలా కనిపించింది, దగ్గరగా చూస్తే పురుగు!

"కల్యమాకంత తింటది, తీసి పారేస్త," అంది నా భార్య.

"జెర ఆగు. ఏమైతదో చూద్దాం," అన్నాను.

రోజూ ఫొటో తీశాను. పురుగు పచ్చబడింది, గూడు కట్టుకుంది. ఒక పొద్దున గూడు చీల్చుకుని నల్లటి సీతాకోకచిలుక బయటికొచ్చింది. తడి రెక్కల మీది తెల్ల మచ్చలతో సహా ఫొటో చక్కగా వచ్చింది.

దాన్ని నా భార్యే పటం కట్టించింది. "గిది ఏ అడవిల తీసినవ్?" అని చుట్టాలు అడిగితే నేను ఆమె వైపు చూస్తాను. "అడవి ఏంది? మా ఇంట్లనే తీసిండు మా ఆయన," అని ఆమె చెప్పే మాట వినాలని ఆగుతాను.